నిఘంటువులోని ఫోటో, కొత్తవాడ మగ్గము: బైబిలు పదాల చిత్రణపై చారిత్రక పరిశీలన

బైబిలు నిఘంటువు లేని సేవకుని గది అరుదు. ఆంగ్లము అంతగా రానివారు కూడ ఆ గ్రంథాన్ని తెరచి చూస్తారు, ఎందుకంటే అందులో ఫోటోలు ఉంటాయి. కళ్ళము, కాడి, తిరుగలి, మగ్గము, గొఱ్ఱెల దొడ్డి వంటి పదాల కోసము పుటలు తిప్పితే తలపాగా చుట్టిన రైతో, రాతి నేలమీద తిరుగుతున్న ఎద్దులో కనిపిస్తాయి. క్రింద ఒక చిన్న పంక్తి ఉంటుంది. ఆ రైతు ఎవరు, అది ఏ ఊరు, ఆ ఫోటో ఏ సంవత్సరములో తీశారు అన్నది ఆ పంక్తిలో చాలాసార్లు ఉండదు. చూచిన విద్యార్థి అది బోయజు కళ్ళమే అనుకుంటాడు. ఆదివారము ప్రసంగములో అలాగే చెబుతాడు.

పదానికి ఇచ్చిన అర్థాన్ని మనము ప్రశ్నిస్తాము. హెబ్రీ మూలమేమి, మరొక అనువాదము ఏమంటున్నది అని అడుగుతాము. అదే పుటలోని ఫోటోను మాత్రము ప్రశ్నించము. కన్ను చూచినదానికి సాక్ష్యము అక్కరలేదని మన అలవాటు. ఈ వ్యాసము ఆ అలవాటును గూర్చినది. నిఘంటువులోకి ఫోటో ఎప్పుడు, ఎలా వచ్చింది, వాక్యార్థానికి అది ఎక్కడ తోడ్పడింది, ఎక్కడ అడ్డుపడింది అని పరిశీలించడమే దీని పని. ఉదాహరణలకు ఎక్కువగా నేత పదాలను తీసుకున్నాను. అందుకు కారణము వరంగల్. 1879లో హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషను పని మొదలైనది మొదలుకొని ఈ ప్రాంత సంఘాలలో వాక్యము బోధించినవారికి మగ్గము పుస్తకములో మాత్రమే చూడవలసిన వస్తువు కాదు. వరంగల్ తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనకు వెళ్లాయి. కొత్తవాడలో నేసే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మగ్గము చప్పుడు విన్న ఊరిలో కూర్చొని మగ్గము అంటే ఏమిటో యెరూషలేము ఫోటో చూచి తెలుసుకుంటున్నాము. ఇది వింతే, అయినా దీనిలో మేలు కూడ లేకపోలేదు.

బొమ్మలేని నిఘంటువులు

తెలుగు నిఘంటువుల చరిత్ర బొమ్మలు లేకుండానే నడిచింది. సి.పి. బ్రౌను తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1852లో మద్రాసులో క్రైస్తవ జ్ఞాన ప్రచార సంఘమువారి ముద్రణాలయములో అచ్చయింది. దానిని 1903లో ఎం. వెంకటరత్నము, డబ్ల్యూ.హెచ్. క్యాంబెల్, కందుకూరి వీరేశలింగము సవరించి తిరిగి వెలువరించారు. అందులో పనిముట్ల పేర్లు, పంటల పేర్లు, నగల పేర్లు విస్తారముగా ఉన్నాయి. బొమ్మలు లేవు. పనిముట్టు పేరుకు ఎదురుగా దాని ఆంగ్లపు పేరు, లేదా నాలుగు మాటల వివరణ ఉంటుంది. ఆంగ్లపు వస్తువును ముందే ఎరిగినవానికి అది చాలు. ఎరుగనివానికి ఒక తెలియని మాట బదులు మరొక తెలియని మాట దొరుకుతుంది.

ఈ చిక్కును ముందుగా గుర్తించి పరిష్కారము వెదకినవాడు ఒక సంఘాధ్యక్షుడు. యాన్ ఆమోస్ కొమీనియుస్ సహోదర సంఘపు బిషప్పు, మత హింస వలన స్వదేశమైన మొరావియాను విడిచి జీవితమంతా ప్రవాసిగా గడిపినవాడు. ఆయన 1658లో నూరెంబర్గులో "ఓర్బిస్ పిక్టుస్" అనే పిల్లల పుస్తకాన్ని ప్రచురించాడు. సుమారు 150 పాఠాలు, ప్రతి పాఠానికి ఒక చెక్క అచ్చు బొమ్మ. బొమ్మలోని భాగాలకు అంకెలు వేసి, అవే అంకెలను లాటిను, జర్మను మాటల పక్కన ఉంచాడు. నేతపని మీద కూడ అందులో ఒక పాఠము ఉన్నది. పిల్లవాడు అంకె చూచి, వస్తువు చూచి, మాట నేర్చుకుంటాడు. పదము వస్తువుకు కట్టుబడి ఉండాలని, వస్తువును చూపకుండా పదాన్ని మాత్రమే వల్లె వేయించకూడదని ఆయన పట్టుదల.

ఇక్కడ గమనించవలసినది, కొమీనియుస్ చూపిన మగ్గము ఒకానొక మగ్గము కాదు. మగ్గము అనే జాతికి అది గుర్తు. చిత్రకారుడు అక్కరలేనిదానిని విడిచిపెట్టాడు, కావలసిన భాగాన్ని పెద్దదిగా గీశాడు. గీసిన బొమ్మకు, ఫోటోకు ఉన్న ముఖ్యమైన భేదము ఇదే. ఫోటోలో పడేది ఒక దినమున ఒక ఊరిలో ఒక మనిషి కూర్చొన్న మగ్గము. దానిలో అక్కరలేనిది కూడ పడుతుంది, కావలసినది నీడలో ఉండిపోవచ్చు. నిఘంటువు జాతిని వివరించే పుస్తకము, ఫోటో వ్యక్తిని చూపే సాధనము. ఈ రెండింటికి పొత్తు కుదర్చడము తేలిక కాదు.

ఫోటో వచ్చిన త్రోవ

విలియం స్మిత్ సంపాదకత్వములో బైబిలు నిఘంటువు 1860-63 మధ్య మూడు సంపుటాలుగా వెలువడే నాటికి ఫోటోగ్రఫీ వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. అయినా స్మిత్ నిఘంటువులో ఉన్నవి చెక్కపై చెక్కిన బొమ్మలే, ఎందుకంటే ఫోటోను అక్షరాలతో కలిపి ఒకే పుటపై అచ్చువేసే ఉపాయము అప్పటికి లేదు. ఫోటో ఉన్నా, దానిని చూచి చెక్కేవాడు ఒకడు కావాలి. 1880 తరువాత ఫోటోను సన్నని చుక్కలుగా విడగొట్టి అచ్చువేసే హాఫ్‌టోన్ పద్ధతి వచ్చింది. 1882లో జర్మనీలో మైసెన్‌బాఖ్ దానికి పేటెంటు పొందాడు. అంతటితో నడుమనున్న చెక్కేవాని పని తగ్గిపోయింది. ఆయనతోపాటు ఏది ముఖ్యము, ఏది కాదు అని నిర్ణయించే చేయి కూడ పోయింది.

తరువాతి కథ మన పుస్తకాల అరలలోనే ఉన్నది. 1962లో వెలువడిన న్యూ బైబిల్ డిక్షనరీలో నున్నటి కాగితముపై వేరుగా అచ్చువేసిన ఫోటో పుటలు ఉండేవి. వివరణ ఒకచోట, ఫోటో మరొకచోట. 1980లో ఆ గ్రంథపు సవరించిన పాఠమునే ఇలస్ట్రేటెడ్ బైబిల్ డిక్షనరీ అను పేర మూడు సంపుటాలుగా తెచ్చినప్పుడు రంగుల ఫోటోలు పదాల పక్కకే వచ్చాయి. సాధారణ భాషా నిఘంటువులలోను ఇదే కాలములో ఇదే మార్పు. అమెరికన్ హెరిటేజ్ నిఘంటువు 1969లో పుట అంచులను వెడల్పు చేసి ఫోటోలకు చోటిచ్చి పేరు తెచ్చుకున్నది.

అయితే బైబిలు నిఘంటువుల ఫోటోలు ఎక్కడివి? ఒక ముఖ్యమైన మూలము యెరూషలేములోని అమెరికన్ కాలనీ. ఈ పేరు తెలియని సేవకులకు కూడ దాని స్థాపకుడు తెలుసు. సముద్ర ప్రమాదములో నలుగురు కుమార్తెలను పోగొట్టుకొని, ఆ దుఃఖములో ఒక ప్రసిద్ధ కీర్తన వ్రాసిన హొరేషియో స్పాఫర్డు ఆయనే. ఆయన, భార్య అన్నా, మరికొందరు విశ్వాసులు 1881లో చికాగో విడిచి యెరూషలేములో స్థిరపడి సామూహిక జీవితము మొదలుపెట్టారు. 1898 ప్రాంతములో ఆ కాలనీలో ఫోటోగ్రఫీ విభాగము ఏర్పడింది. స్వీడను నుండి బాలునిగా వచ్చిన ఎరిక్ మాట్సన్ తరువాత ఆ పనిని నడిపాడు. 1946లో ఆయన అమెరికాకు వెళ్లిపోయాడు. 1966లో తన నెగెటివులను అమెరికా కాంగ్రెసు గ్రంథాలయానికి ఇచ్చాడు. వాటి సంఖ్య 22,000కు పైన.

ఈ ఫోటోలు యాత్రికులకు అమ్మడానికి తీసినవి. యాత్రికుడు కోరేది బైబిలు కాలపు దేశము. కాబట్టి కాపరి, బావి దగ్గర స్త్రీ, కళ్ళములో రైతు ఎక్కువగా తీయబడ్డారు. కొన్ని చోట్ల ఉన్నదానిని తీయడముతో ఆగలేదు. రూతు కథను బేత్లెహేము పొలాలలో స్థానికులచేత నటింపజేసి వరుసగా తీసిన ఫోటోలు ఆ సంగ్రహములో ఉన్నాయి. అది మోసమని నేననడము లేదు, అమ్మినవారు దానిని రూతు కథ చిత్రణగానే అమ్మారు. కాని అటువంటి ఫోటో తన పెట్టెలోనుండి బయటికి వచ్చి నిఘంటువు పుటలో "పరిగె ఏరుకొనుట" అన్న పదము పక్కన నిలిచినప్పుడు అది నటన అని చెప్పేవారెవరు?

న్యాయముగా చెప్పాలంటే తప్పంతా ఫోటో తీసినవారిది కాదు. అదే విభాగమువారు యుద్ధాన్ని తీశారు, వీధులను తీశారు. 1915లో పాలస్తీనాపై మిడుతల దండు పడినప్పుడు మార్చి నెల మొదలుకొని నెలల తరబడి దానిని వెంబడించి, గ్రుడ్డు నుండి రెక్కల మిడుత వరకు ఒక్కొక్క దశను ఫోటో తీశారు. జాన్ వైటింగ్ ఆ సంవత్సరము డిసెంబరులో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో ఆ ఫోటోలతో వ్యాసము వ్రాశాడు. ఈ వరుసకు తేదీ ఉన్నది, స్థలమున్నది, క్రమమున్నది. యోవేలు 1:4 చదివేవారికి దీని విలువ గొప్పది. మన తెలుగు బైబిలు అక్కడి నాలుగు హెబ్రీ పదాలకు గొంగళిపురుగులు, మిడుతలు, పసరుపురుగులు, చీడపురుగులు అని నాలుగు వేర్వేరు పురుగుల పేర్లు పెట్టింది. 1915 ఫోటోలు చూచినవానికి ఇవి ఒకే మిడుత ఎదుగుదలలోని దశలు కావచ్చునన్న వ్యాఖ్యాతల వాదము కండ్ల ముందు నిలుస్తుంది. ఆ వాదము తేలిపోయిందని కాదు. నాలుగు పదాలు నాలుగు ప్రాంతాల వాడుకలు కావచ్చు, కవి బలము కోసము పోగుచేసిన పర్యాయపదాలూ కావచ్చు. తేదీ, స్థలము గల ఫోటో వ్యాఖ్యానాన్ని కదిలించగలదు. అవి లేని ఫోటో వ్యాఖ్యానాన్ని నిద్రపుచ్చుతుంది.

నాడె, దోనె, మేకు

ఇప్పుడు మగ్గము దగ్గరకు వద్దాము. పాత నిబంధనలో నేతను గూర్చిన ప్రస్తావనలు చిన్నవే గాని వాటి చుట్టూ ఉన్న చిక్కులు పెద్దవి.

యోబు 7:6లో తెలుగు బైబిలు నేతగాని నాడె అంటున్నది. మంచి మాట, మగ్గమున్న ఊళ్లలో దానిని వివరించనక్కరలేదు. ప్రసంగీకులు సాధారణముగా ఇక్కడ నాడె వేగాన్ని వర్ణిస్తారు. ఆ వేగము మన మనస్సులో ఎక్కడినుండి వచ్చింది? త్రాడు లాగితే చప్పున అటు నుండి ఇటు దూకే నాడె 1733లో ఇంగ్లండులో జాన్ కే పేటెంటు పొందిన యంత్రభాగము. మన దేశములో బాసెల్ మిషను వారి కన్ననూరు, మంగళూరు నేత కర్మాగారాల వంటి చోట్ల 19వ శతాబ్ది మధ్యలో కొత్త తరహా మగ్గాలు వచ్చాయి. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఆ నాడె దక్షిణాది చేనేతలో బాగా వ్యాపించింది. అంతకు ముందు నాడెను చేతితో విసిరి మరొక చేతితో పట్టుకొనేవారు. యోబు కాలపు లేవాంతులో ఆ పడవ ఆకారపు నాడె కూడ ఉండి ఉండదు. నేల మీద నాలుగు మేకులు పాతి పరచిన మగ్గములో, లేక పైదూలము నుండి పడుగు వ్రేలాడదీసి క్రింద మట్టి గుండ్లు కట్టిన నిలువు మగ్గములో, పేక దారాన్ని ఒక పుల్లకు చుట్టి చేతితో పడుగు సందులోనుండి దూర్చేవారు. ఆ మట్టి గుండ్లు పాలస్తీనా త్రవ్వకాలలో ఇనుప యుగపు ఇండ్ల నేలలపై తరచు దొరికాయి. కట్టె భాగాలు పుచ్చిపోయాయి గనుక మగ్గపు మిగిలిన రూపము చాలా మట్టుకు ఊహించుకోవలసినదే.

కొత్తవాడ ఇక్కడ మనకు ఉపకారము చేస్తుంది. పెనవేసిన రంగుల నమూనా గల జంపఖానాలో పోగు ఒక అంచు నుండి మరొక అంచు వరకు ఒక్క దెబ్బలో పోదు. ఒక రంగు ముగిసే చోట నేతగాడు పోగును చేతితో వెనుకకు త్రిప్పి, పక్క రంగు పోగుతో పెనవేసి, తరువాతి రంగు అందుకుంటాడు. అటువంటి పని చూచినవానికి చేతితో దూర్చే పేక ఏమిటో అర్థమవుతుంది. అది నిదానమైన పని. మరి యోబు వేగమని ఎందుకన్నాడు?

హెబ్రీలో ఇక్కడి పదము "ఎరెగ్". ఇది పాత నిబంధనలో రెండే చోట్ల వస్తుంది: యోబు 7:6లో, న్యాయాధిపతులు 16:14లో. రెండవ చోట అది దెలీలా మగ్గానికి సంబంధించిన మాట, దానిని ఎవరూ నాడె అనరు. కాబట్టి యోబులో కూడ అది నాడె అనే చిన్న వస్తువు కాక, నేత, మగ్గము అనే మొత్తము కావచ్చు. గ్రీకు సెప్టువజింతు అనువాదకులకు ఈ మాట ఎలా వినిపించిందో గాని, వారి పాఠములో మగ్గమే లేదు. జీవితము మాట కంటె తేలికైనదన్నట్లు వారు వ్రాశారు. ఇక వచనము చివర ఉన్న "తిక్వా" అనే పదము నిరీక్షణ అని అనువదించబడింది. అదే పదానికి దారము, త్రాడు అనే అర్థమున్నది. యెహోషువ 2:18లో రాహాబు కిటికీకి కట్టిన ఎఱ్ఱని దారము దగ్గర ఉన్నది ఆ మాటే. యోబు రెండు అర్థాలను ఒకేసారి పలికిస్తున్నాడు. దినాలు నేతలాగ సాగిపోతున్నాయి, పోగు అయిపోయింది, నిరీక్షణ లేదు. కండెలో దారము అయిపోయినప్పుడు చేయి ఇంకా ఆడుతూనే ఉంటుంది, గుడ్డ మాత్రము పెరగదు. నేతగానికి ఇది దినదినము అనుభవము. నిఘంటువులోని నాడె ఫోటో వేగాన్ని చూపింది, దారము అయిపోవడాన్ని చూపలేదు. ఈ వచనములో అసలు బాధ అక్కడ ఉన్నది.

గొల్యాతు ఈటె మరొకటి. 1 సమూయేలు 17:7లో దాని కఱ్ఱను నేతగాని దోనెతో పోల్చారు. దోనె అంటే నేసిన గుడ్డను చుట్టే దూలము, బరువైనది. కాబట్టి మనము పరిమాణమును ఊహిస్తాము, బాలుని ఎదుట నిలిచిన మహాకాయుని చేతిలో దూలమంత ఈటె. ఇదే పోలిక 2 సమూయేలు 21:19లోను, 1 దినవృత్తాంతములు 11:23, 20:5లోను వస్తుంది. 1955లో ఇశ్రాయేలు పురావస్తు శాస్త్రజ్ఞుడు యిగాయేల్ యాదిన్ మరొక అర్థము సూచించాడు. హెబ్రీ మాట "మెనోర్ ఓరెగీమ్" గుడ్డ చుట్టే దూలము కాదు, పడుగు పోగులను పైకెత్తడానికి దారపు ఉచ్చులు వరుసగా కట్టిన కఱ్ఱ అని ఆయన వాదము. ఆ కఱ్ఱకు ఉచ్చులున్నట్లే గొల్యాతు ఈటెకు కూడ ఉచ్చు కట్టిన త్రాడు ఉండేదని, దానిని వేలికి తగిలించి తిప్పి విసిరితే ఈటె తిరుగుచు మరింత దూరము సూటిగా పోయేదని ఆయన అన్నాడు. ఏజియను సముద్ర ప్రాంతపు యోధులు ఇటువంటి ఈటెలు వాడినట్లు చిత్రాలున్నాయి. ఫిలిష్తీయుల మూలాలు ఆ దిక్కునే ఉన్నాయి. యాదిన్ వాదాన్ని అందరూ అంగీకరించలేదు. అయినా దాని లాభము చూడండి. పోలిక పరిమాణములో కాక ఆకారములో ఉండవచ్చు. హెబ్రీయులు తమకు అలవాటు లేని ఆయుధాన్ని చూచి, తమ ఇంటిలోని వస్తువుతో దానికి పేరు పెట్టుకొన్నారు. మగ్గము మొత్తము పట్టిన ఫోటోలో ఆ ఉచ్చుల కఱ్ఱ కనబడదు, కనబడినా ఎవరూ దాని వైపు చూడరు. కొమీనియుస్ అంకె వేసి ఉంటే చూచేవారు.

దెలీలా సంగతి క్లుప్తముగా చెబుతాను. నిద్రించుచున్న సమ్సోను తలవెండ్రుకలను పడుగుతో కలిపి నేసి మేకుతో బిగించిందంటే, అది నేల మగ్గమనుకోవడము సహజము. అందుకే నిఘంటువులు ఈ సందర్భములో సంచార అరబ్బు స్త్రీ నేల మగ్గాన్ని చూపుతాయి. సెప్టువజింతులో ఈ భాగము మన బైబిలులోకంటె పొడుగు, అందులో మేకును గోడకు దిగవేసినట్లున్నది. హెబ్రీ ప్రతిలో ఒక పంక్తి జారిపోయిందని పలువురు పండితుల అభిప్రాయము. గోడ అన్న మాట చూస్తే గ్రీకు అనువాదకుని మనస్సులో ఉన్నది తన పట్టణపు నిలువు మగ్గమేమో అనిపిస్తుంది. మనము ఫోటో చూచి చేసే పనినే అతడు ఫోటో లేకుండా చేశాడు.

ఊరి పేరు గల పదకోశము

మన భాషలో ఈ విషయములో గొప్ప పని జరిగింది. మన సెమినరీలలో దాని ప్రస్తావన వినిపించకపోవడము విచారకరము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వములో మాండలిక వృత్తి పదకోశాన్ని ప్రారంభించింది. వ్యవసాయ పదాల సంపుటము 1962లో, చేనేత పదాల సంపుటము 1971లో వెలువడ్డాయి. వాస్తు, కుమ్మరము మొదలైన వృత్తులకు ఇతర పండితులు సంపుటాలు కూర్చారు. పండితులు ఇంటిలో కూర్చొని గ్రంథాల నుండి పదాలు ఏరలేదు. జిల్లాల వెంట తిరిగి, పని చేసే రైతులను, నేతగాండ్రను అడిగి, వారి నోట విన్న మాటను విన్నట్లుగా వ్రాసుకొన్నారు. ఒకే పనిముట్టుకు తెలంగాణములో ఒక పేరు, కోస్తాలో ఒకటి, రాయలసీమలో ఒకటి ఉంటే మూడింటిని ఇచ్చి, ఏది ఎక్కడిదో పక్కన గుర్తించారు. తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించి చూడడానికి ఆధారమైన సామగ్రి ఈ పనిలోనుండి వచ్చింది.

ఈ పద్ధతిలో ప్రతి పదానికి ఊరు ఉన్నది. ఫోటోకు లేనిది అదే.

పాలస్తీనా విషయములో ఇటువంటి పని చేసినవాడు గుస్తాఫ్ దాల్మన్. 1902లో యెరూషలేములోని జర్మను ప్రొటెస్టంటు పురావస్తు సంస్థకు అధిపతిగా వెళ్లి, మొదటి ప్రపంచ యుద్ధము వరకు అక్కడి పల్లెలలో తిరిగి రైతుల, కాపరుల, నేతగాండ్ర పనిని పరిశీలించాడు. "పాలస్తీనాలో పని, ఆచారము" అనే ఆయన జర్మను గ్రంథము 1928 నుండి 1942 వరకు ఏడు సంపుటాలుగా వెలువడింది. 1937 నాటి ఐదవ సంపుటము నూలు, వడకుట, నేత, వస్త్రాలను గూర్చినది. ఫోటోలు అందులోను ఉన్నాయి. కాని వాటి వెనుక వివరణలో పనిముట్టు భాగాలకు అరబ్బీ పేర్లు, అవి విన్న ప్రాంతాలు, హెబ్రీ బైబిలులోను యూదుల మిష్నాలోను వాటికి సమానమైన పదాలు వేరువేరుగా ఇచ్చాడు. ఇది 1900 ప్రాంతపు రైతు మాట, ఇది క్రీ.శ. 200 నాటి రబ్బీల మాట, ఇది ప్రవక్తల మాట అని పొరలు విడదీశాడు. జనాదరణ పొందిన నిఘంటువులు ఆ పొరలన్నిటిని ఒకే ఫోటోలో కలిపివేశాయి.

ఇక్కడ ఒక అభ్యంతరము రావచ్చు. కొత్తవాడ మగ్గమును చూపి యోబును వివరించితే అది కూడ అదే తప్పు కాదా? అవును, దానిని ఫోటోలాగ వాడితే అదే తప్పు. కొత్తవాడ నేతగాడు యోబు పొరుగువాడు కాడు. కాని సంఘములో కూర్చొన్నవారికి ఇది మన ఊరి మగ్గము అని తెలుసు. భేదము కండ్ల ఎదుటే ఉంటుంది గనుక ప్రసంగీకుడు ఆ భేదాన్ని చెప్పక తప్పదు. యెరూషలేము ఫోటోలో ఆ భేదము దాగి ఉంటుంది. దూరము తెలిసిన పోలిక, దూరము తెలియని పోలికకంటె మేలు.

మనుష్యులు బొమ్మలైనప్పుడు

ఇంతవరకు వస్తువులను గూర్చి చెప్పాను. మనుష్యుల ఫోటోల విషయము మరింత బరువైనది, అది మన సంఘాలను సూటిగా తాకుతుంది.

జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి లండనులోని ఇండియా మ్యూజియములో పనిచేశాడు. ఆయన 1866లో భారతదేశపు వస్త్రాలపై 18 సంపుటాల సంగ్రహము చేయించాడు. అందులో బొమ్మలు కాదు, గుడ్డ ముక్కలే 700 అతికించి ఉన్నాయి. ఒక్కొక్క ముక్క పక్కన అది వచ్చిన ఊరు, పొడవు, వెడల్పు, బరువు వ్రాసి ఉన్నాయి. ఇరవై ప్రతులు చేసి పదమూడింటిని బ్రిటనులో, ఏడింటిని భారతదేశములో ఉంచారు. బొమ్మకు బదులు వస్తువునే పెట్టిన నిఘంటువు అనవచ్చు. మాంచెస్టరు మిల్లులు మన గుడ్డను అనుకరించడానికి అది ఉపయోగపడాలన్నది దాని వెనుకనున్న ఉద్దేశము, అది వేరే సంగతి. అదే వాట్సన్ 1868-75 మధ్య "ది పీపుల్ ఆఫ్ ఇండియా" అనే ఎనిమిది సంపుటాల ఫోటో గ్రంథానికి కూడ సంపాదకులలో ఒకడు. గుడ్డకు ఊరు, కొలత దక్కాయి. ఫోటోలోని మనిషికి తరచు కులము పేరో తెగ పేరో మాత్రమే దక్కింది.

1909లో మద్రాసు ప్రభుత్వము అచ్చువేసిన ఎడ్గార్ థర్‌స్టన్ "దక్షిణ భారత కులాలు, తెగలు" ఏడు సంపుటాలు అక్షరక్రమములో కూర్చిన నిఘంటువే. మాదిగ, మాల, సాలె అని పదాల వరుస. మ్యూజియము అధికారియైన థర్‌స్టన్ కొలత పనిముట్లతో మనుష్యుల తలలను, ముక్కులను కొలిచినవాడు. ఆయన గ్రంథములోని ఫోటోలో నిలబడినవాడు ఒక కులానికి నమూనా. అమెరికన్ కాలనీ ఫోటోలోని రైతు ఒక బైబిలు వచనానికి నమూనా అయినట్లే. ఇద్దరికీ ఇల్లున్నది, పేరున్నది, ఫోటో తీసిన తరువాత తిరిగి వెళ్లవలసిన పని ఉన్నది.

దీని పర్యవసానము వ్యాఖ్యానములో ఎలా ఉంటుందో అపొస్తలుల కార్యములు 18:3 చూపుతుంది. పౌలు, అకుల వృత్తికి గ్రీకు పదము "స్కేనోపోయోస్". తెలుగు బైబిలు డేరాలు కుట్టేవారని అన్నది. నిఘంటువులో ఈ పదము దగ్గర సంచార జాతుల నల్లని మేకవెండ్రుకల డేరా ఫోటో వేయడము వాడుక. పౌలు ఊరు కిలికియలోని తార్సు, కిలికియ మేకవెండ్రుకల గుడ్డకు పేరుపొందింది. కాబట్టి పౌలు నేతగాడు అన్న ఊహ దాదాపు స్థిరపడింది. కాని పురాతన సంఘములో యోహాను క్రిసోస్తము పౌలును తోలు పనివాడని పిలిచాడు. 1980లో రోనాల్డ్ హాక్ పౌలు జీవనోపాధిపై వ్రాసిన గ్రంథములో డేరాలు సాధారణముగా తోలుతో చేసేవారని, పౌలు కత్తి, సూది, ఆరె పట్టిన తోలు పనివాడని, ఆ వృత్తికి గ్రీకు రోమా సమాజములో గౌరవము తక్కువని వాదించాడు. 1987లో పీటర్ లాంపె నారగుడ్డ అని మరొక పక్షము వహించాడు. వాదము ముగియలేదు.

అయినా మన ప్రాంతములో ఈ వాదపు బరువు ఇతర చోట్లవలె కాదు. తెలుగు బాప్టిస్టు సంఘాలలో అధిక భాగము తోలు పని చేసిన మాదిగల ఇండ్లనుండి వచ్చినవి. పౌలు చేతిలో ఆరె ఉండి ఉండవచ్చునన్న అవకాశమును ఒక నల్ల డేరా ఫోటో మూసివేసినప్పుడు పోయినది ఒక పాదవివరణ కాదు. థర్‌స్టన్ పుస్తకములో నమూనాగా నిలబడిన మనిషి మనుమలు అపొస్తలుని బల్ల దగ్గర తమ తాతల పనిముట్టును గుర్తించే అవకాశమది. హాక్ వాదము తప్పే కావచ్చు. దానిని మూసివేయవలసినది మాత్రము ఆధారము, ఫోటో కాదు.

నేడు కాంగ్రెసు గ్రంథాలయపు వెబ్ సైటులో మాట్సన్ నెగెటివులు ఉచితముగా చూడవచ్చు. నిఘంటువులోని ఫోటోను అక్కడ గుర్తించగలిగితే దాని మొదటి శీర్షిక, సుమారు సంవత్సరము, చాలాసార్లు ఊరి పేరు కూడ దొరుకుతాయి. పరిశోధనా విద్యార్థులకు ఒక్క పదము తీసుకొని ఈ విధముగా వెదకించడము ఒక సెమిస్టరు పని. ఇంటి దగ్గర చేయవలసినది మరొకటి ఉన్నది. కొత్తవాడలో మరమగ్గాల పోటీకి నిలిచి జంపఖానా నేస్తున్న పెద్దలు ఇంకా ఉన్నారు. 1971 నాటి చేనేత సంపుటాన్ని చేత పట్టుకొని వారి దగ్గరకు వెళ్లి, అందులోని మాటలలో ఏవి ఇంకా వారి నోట ఉన్నాయో, ఏవి పోయాయో, ఏవి కొత్తగా వచ్చాయో వ్రాసుకోవచ్చు. మగ్గాన్ని ఫోటో తీసే ముందు నేతగాని అనుమతి, పేరు అడగాలి. ఫోటో క్రింద ఆ పేరు, తేదీ, వాడ పేరు వ్రాసి, కొమీనియుస్ చేసినట్లు దోనెకు 1, నాడెకు 2, ఉచ్చుల కఱ్ఱకు 3 అని అంకెలు వేసి, ఒక్కొక్కదానికి ఆ ఇంటివారు పలికిన మాటను పలికినట్లుగా పక్కన పెట్టాలి.